ఉక్కు రేకును వంచిన ప్రెస్... దాని వెనుక ఓ తోలు పట్టీ

వంటింట్లో గ్యాస్ సిలిండర్‌ను ఒకసారి గమనించండి. నడుము చుట్టూ వెల్డింగ్ గీత కనిపిస్తుంది. అది రెండు ఉక్కు గిన్నెలను కలిపిన అతుకు. గుండ్రంగా కోసిన ఉక్కు రేకును డై మీద పెట్టి హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కితే అది చిరగకుండా లోతైన గిన్నెలా దిగుతుంది. ఈ ప్రెస్‌ను ప్రపంచానికి ఇచ్చిన మనిషి జోసెఫ్ బ్రామా.

బ్రామా 1748లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఒక రైతు ఇంట్లో పుట్టారు. పదహారేళ్ల వయసులో కాలికి దెబ్బ తగిలి కుంటితనం వచ్చింది. పొలం పనికి పనికిరాడని వడ్రంగి దగ్గర పనికి పెట్టారు. పని నేర్చుకుని లండన్ చేరారు. ఇళ్లల్లో మరుగుదొడ్లు బిగిస్తూ వాటి లోపాలు గమనించి, 1778లో మెరుగైన ఫ్లష్ మరుగుదొడ్డికి పేటెంట్ తీసుకున్నారు. 1784లో కొత్త రకం తాళం చేశారు. దాన్ని తెరిచినవాళ్లకు 200 గినీలు ఇస్తామని దుకాణం అద్దంలో పెట్టారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1851లో గానీ అది తెరుచుకోలేదు. అమెరికా నుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కష్టపడి తెరిచాడు.

అంత సన్నని పని ఉన్న తాళాలు తయారు చేయాలంటే మంచి పనివాడు కావాలి. 1789లో హెన్రీ మాడ్స్‌లే అనే 18 ఏళ్ల కుర్రాడు పనిలో చేరాడు. త్వరలోనే వర్క్‌షాప్ మొత్తం చూసుకునే స్థాయికి ఎదిగాడు.

1795లో బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ పొందారు. సూత్రం అంతకు వందేళ్లకు పైగా ముందే పాస్కల్ చెప్పినదే. మూసిన నీటిని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. చిన్న పిస్టన్ కంటే పెద్ద పిస్టన్ వైశాల్యం వంద రెట్లు ఉంటే, ఇక్కడ ఒక కిలో బలం అక్కడ వంద కిలోలవుతుంది. కానీ ఊరికే రాదు. పెద్దది ఒక సెంటీమీటరు కదలాలంటే చిన్నది వంద సెంటీమీటర్లు దిగాలి.

కాగితం మీద బాగానే ఉంది. అసలు చిక్కు పిస్టన్ చుట్టూ నీరు కారడం. గట్టిగా బిగిస్తే పిస్టన్ కదలదు, వదులు చేస్తే నీరు ఆగదు. దీనికి మార్గం చూపింది మాడ్స్‌లే అని చెబుతారు. అంచు మడిచిన తోలు పట్టీ పెట్టాడు. నీటి ఒత్తిడి పెరిగితే అదే ఆ తోలును పిస్టన్‌కు గట్టిగా అదుముతుంది, ఒత్తిడి తగ్గితే పట్టు వదులుతుంది. నేడు నీటి బదులు నూనె, తోలు బదులు రబ్బరు వచ్చాయి. ఉపాయం మాత్రం అదే. మెకానిక్ షెడ్డులో లారీని లేపే జాక్ కూడా ఇదే లెక్కన పనిచేస్తుంది.

ఇంత చేసిన మాడ్స్‌లేకు వారానికి 30 షిల్లింగులే జీతం. ఇల్లు గడవక పెంచమని అడిగితే బ్రామా ఒప్పుకోలేదు. 1797లో అతను బయటికొచ్చి సొంత వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. తర్వాత స్క్రూ కోసే లేత్‌తో పేరు తెచ్చుకున్నాడు. విట్‌వర్త్, నాస్మిత్ లాంటి గొప్ప ఇంజనీర్లు అతని దగ్గరే పనిచేశారు. నాలుగు షిల్లింగుల దగ్గర చెయ్యి బిగించిన యజమాని ఎలాంటి మనిషిని పోగొట్టుకున్నారో చూడండి.

బ్రామా మాత్రం చివరిదాకా పని ఆపలేదు. 1814లో తన ప్రెస్‌తో అడవిలో చెట్లను వేళ్లతో సహా పెకిలించే పని దగ్గరుండి చూస్తూ చలికి జబ్బుపడ్డారు. అదే ఏడాది డిసెంబర్ 9న కన్నుమూశారు. ఆయనకు 66 ఏళ్లు.

పేటెంట్ మీద ఒక్క పేరే ఉంటుంది. యంత్రం నడవడానికి మాత్రం రెండు బుర్రలు కావాల్సి వచ్చింది. మన పిల్లల్లో ఎందరో షెడ్డుల్లో, లేత్‌ల దగ్గర పని నేర్చుకుంటున్నారు. వాళ్లను పనిలో పెట్టుకున్నవాళ్లూ మనలోనే ఉన్నారు. పని తెలిసిన చెయ్యికి దాని విలువ దక్కాలి.