దాదాజాన్ మీర్జా గాలిబ్

మీర్జా గాలిబ్ పేరు చెప్పగానే మనకు ఘజళ్ళు గుర్తుకొస్తాయి. ముషాయిరాలు, పొడుగాటి టోపీ, తెల్లని గడ్డం ఉన్న ఆ పాత బొమ్మ గుర్తుకొస్తాయి. ఉర్దూ మీడియంలో చదివినవారికైతే ఆయన షేర్లకు తాత్పర్యం రాయలేక తల గోక్కున్న పరీక్ష రోజులు కూడా గుర్తుకొస్తాయి. కాని అంతటి మహాకవి ఇద్దరు అల్లరి పిల్లలకు తాతగా కూడా బతికాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈ సావనీరులో ఆ తాతగారి గురించి నాలుగు ముచ్చట్లు చెప్పుకుందామని మా ఉద్దేశం. ఆయన కవిత్వం జోలికి పోము. దాని మీద పెద్దలు బోలెడు పుస్తకాలు రాశారు. ఆయన ఇంటి సంగతులు మాత్రమే చెబుతాము. అవి మన ఇళ్ళకు కూడా పనికొస్తాయి.

మీర్జా సాహెబ్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో పుట్టారు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ సిపాయి వృత్తివాడు. కొన్నాళ్ళు మన హైదరాబాదులో నిజాం అలీ ఖాన్ కొలువులో కూడా పనిచేశాడు. ఆ తర్వాత అల్వర్ రాజు దగ్గర చేరి, అక్కడే ఒక పోరాటంలో చనిపోయాడు. అప్పటికి మన మీర్జాకు అయిదేళ్ళు. చేరదీసిన చిన్నాన్న కూడా 1806లో ఏనుగు మీదనుంచి పడి కన్నుమూశాడు. ఆ విధంగా తొమ్మిదేళ్ళు నిండకముందే ఆ పిల్లవాడికి తండ్రీ పోయాడు, తండ్రి తర్వాత తండ్రీ పోయాడు. ఇక తల్లిగారి పుట్టింట్లోనే పెరిగాడు. ఈ సంగతిని పాఠకులు కాస్త మనసులో పెట్టుకోవాలి. యతీముగా పెరిగినవాడికి యతీము బాధ ఇంకొకరు చెప్పనక్కరలేదు.

పదమూడో ఏట, 1810లో నికాహ్ జరిగింది. పెళ్ళికూతురు ఉమ్రావ్ బేగంకు అప్పటికి పదకొండేళ్ళు. ఆమె లోహారూ నవాబుల వంశంలోని ఆడపడుచు. నమాజూ రోజా తప్పని మనిషి. మీర్జా సాహెబ్ సంగతి అందరికీ తెలిసిందే. తాగుడు ఉండేది, జూదం ఉండేది. ఆ జూదం కారణంగానే 1847లో జైలుకు కూడా వెళ్ళివచ్చారు. మేము ఆయనను వలీ అని చెప్పబోవడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటేనే ఇలాంటి జీవితాలవల్ల మనకు ప్రయోజనం.

ఆ దంపతులకు ఏడుగురు పిల్లలు పుట్టారు. ఏడుగురూ పోయారు. ఒక్కరైనా పదిహేను నెలలు దాటి బతకలేదు. ఒక బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన తల్లిదండ్రులనే ఓదార్చడానికి మనకు మాటలు రావు. ఏడుసార్లు ఊయల కట్టి, ఏడుసార్లు ఊయల విప్పిన ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ ఖాళీ ఇంటికి కొంత వెలుగు తెచ్చినవాడు జైనుల్ ఆబిదీన్ ఖాన్ ఆరిఫ్. ఉమ్రావ్ బేగం అక్కాచెల్లెళ్ళలో ఒకరి కొడుకు. మంచి కవి. మీర్జా సాహెబ్ అతడిని కన్నకొడుకుగానే చూసుకున్నారు. కాని 1852లో ఆరిఫ్ కూడా పోయాడు. అప్పటికి అతని వయసు ముప్పై అయిదు. అతని మీద మీర్జా సాహెబ్ రాసిన స్మృతిగీతాన్ని ఈనాటికీ ఉర్దూ తరగతుల్లో చదువుతారు, చదివించే మాస్టర్ల గొంతు కూడా పట్టుకుంటుంది. ఆరిఫ్ భార్య అంతకు కొద్దికాలం ముందే పోయింది. మిగిలింది ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు బాఖర్ అలీ, ఇంచుమించు అయిదేళ్ళవాడు. చిన్నవాడు హుసేన్ అలీ, రెండేళ్ళవాడు.

మీర్జా సాహెబ్‌కు అప్పుడు యాభై నాలుగేళ్ళు. ఆదాయం అంతంత మాత్రం. ఇంగ్లీషువారిచ్చే కుటుంబ పింఛను నెలకు అరవై రెండు రూపాయల ఎనిమిది అణాలు. బహదూర్ షా జఫర్ కొలువులో చరిత్ర రాసినందుకు నెలకు యాభై రూపాయలు. అప్పులు మెడదాకా ఉండేవి. అయినా ఇద్దరు పిల్లలనూ ఇంటికి తెచ్చుకున్నారు. ఈ సంగతి వినగానే మనం శభాష్ అంటాం. కాని తెచ్చుకోవడం ఒక్కరోజు పని, పెంచడం రోజూ పని. అసలు ముచ్చట అక్కడే మొదలవుతుంది.

పిల్లలు వచ్చిన కొద్ది నెలలకే, అదే 1852లో, తన శిష్యుడు హర్‌గోపాల్ తఫ్తాకు మీర్జా సాహెబ్ ఒక ఉత్తరం రాశారు. తఫ్తా సికందరాబాదు వాసి. మన సికిందరాబాదు కాదు, ఢిల్లీ దగ్గరి బులంద్‌షహర్ జిల్లాలోనిది. తన కవితలను దిద్దమని మాటిమాటికీ పంపితే ఉస్తాద్ విసుక్కుంటారేమోనని ఆయన మొహమాటపడ్డాడు. దానికి మీర్జా సాహెబ్ ఇచ్చిన జవాబు చూడండి. ఇంట్లో ఇద్దరు మనవలు ఉన్నారట. అన్నం తిననివ్వరట. మధ్యాహ్నం కునుకు తీయనివ్వరట. దుమ్ముకాళ్ళతో మంచమెక్కి తొక్కుతారట. ఒకచోట నీళ్ళు ఒలకబోస్తారు, ఇంకోచోట మట్టి రేపుతారు. అయినా తాను విసుక్కోవడం లేదట. తఫ్తా తనకు కొడుకులాంటివాడు కాబట్టి అతని కవితలు కూడా మనవలేననీ, పాపం ఆ మనవలు మంచమెక్కి తొక్కరు, నీళ్ళు ఒలకబోయరు గనుక వారి మీద విసుగెందుకనీ ఆయన వాదన.

ఈ ఉత్తరంలోని చమత్కారం అలా ఉంచి, ఒక విషయం గమనించండి. పిల్లలు బుద్ధిమంతులు కాబట్టి ఆనందంగా ఉందని ఆయన ఎక్కడా చెప్పలేదు. వాళ్ళు చేసిన అల్లరినే ఒక్కటొక్కటిగా లెక్కపెట్టి చెప్పారు. పరుపు మీద దుమ్ము పాదాల గుర్తులు పడితే మన ఇళ్ళలో ఏమవుతుందో మనకు తెలుసు. ఏడు ఊయలలు ఖాళీ అయిన ఇంట్లో ఆ గుర్తుల విలువ వేరు. అంత దుఃఖం ఎవరికీ రాకూడదు. అది రాకుండానే ఆ విలువ తెలుసుకోవడం మన అదృష్టం.

పిల్లలకు చదువు వయసు వచ్చింది. పంతుళ్ళకు ఈ ముచ్చట మరీ ఇష్టం. మీర్జా సాహెబ్ ఫార్సీలో తనంతవాడు లేడని అనుకునే మనిషి. అలాంటి పండితుడు ఈ పిల్లల కోసం కూర్చుని ఖాదర్ నామా అనే చిన్న పద్యపుస్తకం రాశారు. అరబ్బీ, ఫార్సీ మాటలకు ఉర్దూ అర్థాలు పాటలాగా నోటికి వచ్చేటట్టు అల్లినది అది. 1856లో అచ్చయింది. బాదుషా దర్బారులో చదివే కవి, అదే కలంతో పిల్లలకు నీళ్ళను ఏమంటారు, నిప్పును ఏమంటారు అన్న స్థాయికి దిగి రాశాడు. దిగడం అని మేము అన్నాము గాని, పిల్లలకు చెప్పడం ఎంత కష్టమో బడిలో నిలబడినవారికే తెలుసు.

ఆ మరుసటి ఏడే 1857. మే నెలలో ఢిల్లీలో తిరుగుబాటు, సెప్టెంబరులో మళ్ళీ ఇంగ్లీషువారి ఆక్రమణ. ఊరంతా ఖాళీ అయింది. మీర్జా సాహెబ్ మాత్రం బల్లీమారాన్‌లోని ఇల్లు వదలలేదు. ఆ గల్లీలోని హకీములు పటియాలా మహారాజు కొలువువారు కావడంతో, ఆయన సిపాయిలు గల్లీ తలుపు దగ్గర కాపలా కాశారు. కాని లోపల తాగడానికి నీళ్ళు అయిపోయాయి. వాన కురిస్తే దుప్పటి కట్టి, కింద కుండ పెట్టి నీళ్ళు పట్టుకున్నారు. ఆ రోజుల సంగతులను ఆయన దస్తంబూ అనే ఫార్సీ పుస్తకంలో రాశారు. సామ్రాజ్యం కూలిన కథ అది. అందులో కూడా ఈ ఇద్దరు పిల్లలు ఉన్నారు. గారాబంగా పెరిగిన పసివాళ్ళు పండ్లు కావాలి, పాలు కావాలి, మిఠాయి కావాలి అంటుంటే తెచ్చి ఇవ్వలేకపోతున్నానని ఆ తాత బాధపడ్డాడు. సోల్జర్లు గోడ దూకి వచ్చి ఆయనను కర్నల్ దగ్గరికి పట్టుకెళ్ళినప్పుడు ఈ పిల్లలు కూడా వెంట నడిచారు. అల్లా దయవల్ల అందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. కాని అదే అక్టోబరులో, ఏళ్ళ తరబడి మతి చెడి ఉన్న తమ్ముడు మీర్జా యూసుఫ్ చనిపోయాడు. పింఛను ఆగిపోయింది. ఇంట్లోని బట్టలు, పరుపులు అమ్ముకుని రోజులు గడిపారు.

1859 జూలైనుంచి రాంపూర్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు వంద రూపాయలు పంపసాగారు. 1860 జనవరిలో మీర్జా సాహెబ్ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని రాంపూర్ వెళ్ళారు. అక్కడినుంచి ఢిల్లీలోని స్నేహితుడు హకీం గులాం నజఫ్ ఖాన్‌కు ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం మాకు ఆయన రాసిన ఏ ఘజల్‌కూ తీసిపోదనిపిస్తుంది. పిల్లలు బాగానే ఉన్నారట. కాసేపు సంతోషపెడతారు, కాసేపు సతాయిస్తారట. మేకలు, పావురాలు, పూరేడు పిట్టలు, గాలిపటాలు, సరంజామా అంతా సిద్ధమట. నెల ఖర్చుకని చెరి రెండు రూపాయలు ఇస్తే పది రోజుల్లో ఊదేశారట. ఆ తర్వాత చిన్న దొరగారు వచ్చి, దాదాజాన్, మాకు కొంచెం ఖర్జె హసనా ఇప్పించండి అని అడిగాడట!

ఖర్జె హసనా అంటే వడ్డీ లేకుండా మంచి మనసుతో ఇచ్చే అప్పు. పదేళ్ళవాడు గాలిపటాల కోసం అంత పెద్ద మాట వాడాడు. తాతగారు నవ్వుకుని ఇద్దరికీ కలిపి ఒక రూపాయి ఇచ్చారు. నెలాఖరు ఇంకా దూరం ఉంది, ఇంకా ఎన్నిసార్లు వస్తారో చూడాలని రాశారు. జీవితమంతా అప్పులవాళ్ళకు ముఖం చాటేసి బతికిన మనిషి, తన ఇంట్లోనే తనకొక అప్పులవాడు పుట్టాడని మురిసిపోతున్నాడు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. రాంపూర్‌లోనే ఉంటే నెలకు రెండు వందలు, ఢిల్లీలో ఉంటే వంద. నవాబుగారి ఏర్పాటు అది. ఎండాకాలం, వానాకాలం అక్కడే గడపాలని మీర్జా సాహెబ్ అనుకున్నారు. కాని పిల్లలకు ఇంటి మీద బెంగ పట్టింది. పోదాం పోదామని ప్రాణం తీశారు. వాళ్ళను ఒంటరిగా పంపిద్దామంటే దారిలో ఏమైనా జరుగుతుందేమోనని భయం. చివరికి మార్చిలోనే మూటాముల్లె కట్టుకుని ఢిల్లీకి తిరిగి వచ్చేశారు. పింఛను ఇంకా రాని రోజులవి. ఇద్దరు పిల్లల బెంగ తీర్చడానికి నెలకు వంద రూపాయలు వదులుకున్నారన్నమాట.

ఆ మరుసటి సంవత్సరం అలాయీ అనే తమ బంధువుకు రాసిన ఉత్తరంలో తన జీవితాన్ని ఒక ఖైదీ కథగా వర్ణించారు. పెళ్ళి కాలికి వేసిన బేడీ అన్నారు. ఈ ఇద్దరు పిల్లలు చేతులకు తగిలించిన రెండు సంకెళ్ళు అన్నారు. చదివినవారికి మొదట కోపం వస్తుంది. ఉమ్రావ్ బేగం వైపునుంచి చూస్తే మాకూ వస్తుంది. ఎందుకంటే ఆ పిల్లల ఆలనాపాలనలో సగం పైగా ఆమె చేతిమీదుగానే జరిగి ఉంటుంది, ఆమె ఉత్తరాలు ఎవరూ అచ్చు వేయలేదు. అయితే ఆ ఖైదీ కథ చివర ఏం రాశారంటే, ఒకసారి జైలునుంచి పారిపోయాడట, పారిపోతూ బేడీని మాత్రం మూలన పడేసి, రెండు సంకెళ్ళనూ వెంట తీసుకుపోయాడట. అదే రాంపూర్ ప్రయాణం. సంకెళ్ళంటే ఇష్టం లేనివాడు వాటిని మోసుకుంటూ పారిపోడు కదా.

పిల్లలు భారమేనని ఒప్పుకోవడానికి మనలో కొందరు సిగ్గుపడతారు. ఒప్పుకుంటే ప్రేమ లేదని ఎవరైనా అంటారేమోనని భయం. మీర్జా సాహెబ్ భారాన్ని దాచలేదు, మురిపాన్ని కూడా దాచలేదు. సతాయిస్తున్నారని రాసిన కాగితం మీదనే నవ్విస్తున్నారని కూడా రాశారు. మన ఇళ్ళలో రోజూ జరిగేదీ ఇదే. తేడా అల్లా ఆయన దాన్ని గమనించి రాసి పెట్టుకున్నాడు. మనం ఒక చేతిలో సెల్‌ఫోను పెట్టుకుని, రెండో చేత్తో పిల్లవాణ్ణి అవతలికి పొమ్మంటున్నాం. పట్నంలోనో గల్ఫులోనో కష్టపడి వచ్చిన తండ్రికి విశ్రాంతి కావాలి, నిజమే. మీర్జా సాహెబ్‌కు మధ్యాహ్నపు కునుకు ప్రాణం. దాన్ని కూడా ఆ పిల్లలకే ఇచ్చుకున్నారు.

చివరి రోజుల్లో చూపు తగ్గింది, చెవులు వినపడకుండా పోయాయి. అప్పుడు కూడా హుసేన్ అలీ పెళ్ళికి సాయం చేయమని కొత్త నవాబు కల్బె అలీ ఖాన్‌కు అర్జీలు రాస్తూనే ఉన్నారు. 1869 ఫిబ్రవరి 15న కన్నుమూశారు. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ దర్గా పక్కన ఆయన సమాధి ఉంది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలోనే ఉమ్రావ్ బేగం కూడా వెళ్ళిపోయారు.

పిల్లలిద్దరూ తాతలాగే కవులయ్యారు. బాఖర్ అలీ కామిల్ అని తఖల్లుస్ పెట్టుకున్నాడు. ఖర్జె హసనా అడిగిన చిన్నవాడు పెట్టుకున్న పేరు షాదాన్. అంటే సంతోషంగా ఉన్నవాడు అని అర్థం. కన్నతల్లి, కన్నతండ్రి ముఖం గుర్తులేని పిల్లవాడికి ఆ పేరు పెట్టుకునే మనసు ఎక్కడినుంచి వచ్చిందో పాఠకులకు మేము వేరే చెప్పనక్కరలేదు.

సభ్యులకు, వారి కుటుంబాలకు మా సలాం. మీరు ఈ సావనీరు చదువుతుండగా పిల్లలెవరైనా వచ్చి లాక్కుంటే కసరకండి. బొమ్మలున్న పేజీ వాళ్ళకు చూపించండి. మిగతాది రేపు చదువుకోవచ్చు.