సర్దార్ మొహమ్మద్ నయీం ఖాన్ - అన్న నీడలో ఒక రాయబారి

మన తెలుగునాట పాతతరం వారికి కాబూల్ అనగానే ఇంగువ, బాదంపప్పు, ఎండుద్రాక్ష మూటలతో వీధుల్లో తిరిగిన పఠాన్లు గుర్తుకు వస్తారు. ఆ కాబూల్ రాజభవనంలో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. అన్న దేశాన్ని ఒంటి చేతితో ఏలాడు. తమ్ముడు ఆ అన్న మాటను ప్రపంచ రాజధానులకు మోసుకుపోయాడు. అన్న సర్దార్ మొహమ్మద్ దావూద్ ఖాన్ పేరు చాలామంది విన్నదే. తమ్ముడు సర్దార్ మొహమ్మద్ నయీం ఖాన్ సంగతి మనలో తెలిసినవారు తక్కువ. ఆయన జీవితం నుండి మనం నేర్చుకోదగినది ఉన్నది కనుక ఈ నాలుగు మాటలు.

నయీం ఖాన్ 1911లో జన్మించారు. దావూద్ ఆయనకంటే రెండేళ్ళు పెద్ద. తండ్రి సర్దార్ మొహమ్మద్ అజీజ్ ఖాన్, 1929లో ఆఫ్ఘనిస్తాన్ గద్దెనెక్కిన నాదిర్ షాకు సవతి సోదరుడు. అజీజ్ ఖాన్ గారు జర్మనీలో రాయబారిగా ఉండగా 1933 జూన్ నెలలో బెర్లిన్‌లో ఒక ఆఫ్ఘన్ యువకుడే ఆయనను కాల్చి చంపాడు. అదే ఏడాది నవంబరులో కాబూల్‌లో నాదిర్ షా కూడ హత్యకు గురైనారు. నాదిర్ షా కుమారుడు జాహిర్ షా పందొమ్మిదేళ్ళ వయసులో రాజైనారు.

తండ్రి పోయిన ఈ ఇద్దరు యువకులను చేరదీసినవాడు పినతండ్రి హాషిం ఖాన్. ఆయన అప్పటి ప్రధానమంత్రి. సొంత బిడ్డలు లేని ఆ పెద్దమనిషి వీరినే కన్నకొడుకుల్లా చూసుకున్నాడు, పరిపాలనలో తర్ఫీదునిచ్చాడు. అన్నదమ్ములిద్దరూ నాదిర్ షా కుమార్తెలనే నికాహ్ చేసుకున్నారు. దావూద్‌కు జైనబ్, నయీంకు జొహ్రా. ఆ విధంగా రాజు జాహిర్ షా వీరికి పినతండ్రి కొడుకే కాక బావమరిది కూడ అయినాడు. ఈ చుట్టరికాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. తరువాతి కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

దావూద్ సైన్యంవైపు పోగా నయీం రాయబారి బాట పట్టారు. ఇరవై ఏళ్ళు దాటీ దాటకముందే రోములో తన దేశ ప్రతినిధి అయినారు. తిరిగివచ్చి 1938 నుండి ఎనిమిదేళ్ళు విద్యామంత్రిగా పనిచేశారు. బడుల్లో పష్తో భాషలోనే బోధన జరగాలని ఆ రోజుల్లో ప్రభుత్వం పట్టుబట్టింది. కాని దేశంలో సగం మందికి ఆ భాష రాదు, పంతుళ్ళలోనే చాలామందికి రాదు. ఆ ప్రయత్నం సాగలేదు. పైనుండి హుకుం జారీ చేసినంత మాత్రాన పిల్లవాడి నోట భాష పలకదు గదా!

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక నయీం లండన్‌లోనూ, 1948 నుండి వాషింగ్టన్‌లోనూ రాయబారిగా ఉన్నారు. హెల్మండ్ నది ఆనకట్టలు, కాలువల కోసం 1949లో అమెరికా బ్యాంకు నుండి 2 కోట్ల 10 లక్షల డాలర్ల అప్పు మంజూరైనది ఆ కాలంలోనే.

1953లో దావూద్ ప్రధానమంత్రి అయినాడు. తమ్ముడు విదేశాంగమంత్రి. పదేళ్ళపాటు ఈ జోడీయే ఆఫ్ఘనిస్తాన్‌ను నడిపింది. రాజు పేరుకే రాజు. దావూద్ మొండిమనిషి, ఎదురు చెప్పిన వారిని జైలుకు పంపినవాడు. నయీం మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడి పని చక్కబెట్టే మనిషి. 1955 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో జరిగిన ఆసియా ఆఫ్రికా దేశాల మహాసభకు ఆఫ్ఘన్ ప్రతినిధివర్గాన్ని నడిపించినది ఆయనే. 1959లో మన ప్రధాని నెహ్రూ గారు కాబూల్ వెళ్ళినప్పుడు విదేశాంగ శాఖ ఆయన చేతిలోనే ఉన్నది.

అన్నదమ్ములకు నిద్ర పట్టనివ్వనిది పఖ్తూనిస్తాన్ సమస్య. 1893లో బ్రిటిష్ వారు గీసిన డ్యూరాండ్ రేఖ పఠాన్ తెగలను రెండు ముక్కలు చేసింది. ఆ రేఖకు అవతలి పఠాన్లు తమ భవిష్యత్తు తామే తేల్చుకోవాలని కాబూల్ వాదన. ఒప్పుకునేది లేదని పాకిస్తాన్ మాట. 1954లో నయీం స్వయంగా వాషింగ్టన్ వెళ్ళి ఆయుధాలు అడిగారు. ముందు పాకిస్తాన్‌తో తగాదా తీర్చుకోండని అమెరికా జవాబిచ్చింది. ఉత్తచేతులతో తిరిగిరాక తప్పలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో కృశ్చేవ్, బుల్గానిన్ కాబూల్ వచ్చి 10 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించారు. 1956లో రష్యా ఆయుధాలకు ఒప్పందం కుదిరింది. ఆ ఆయుధాలతోపాటు ఆఫ్ఘన్ సైనికాధికారులు శిక్షణకు రష్యా వెళ్ళడం మొదలైనది. ఆ అధికారులే ఒకనాడు తమ గుమ్మంలోకి తుపాకులతో వస్తారని అన్నదమ్ములు ఆనాడు ఊహించి ఉంటారా?

1961 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో సంబంధాలు పూర్తిగా తెగిపోయినాయి. సరిహద్దు మూతపడింది. పెషావర్ మీదుగా మన దేశానికి రావలసిన ద్రాక్ష, దానిమ్మ పంట నిలిచిపోయింది. ఏటా చలికాలం ఇవతలికి వచ్చే సంచార తెగలకు దారి మూసుకుపోయింది. 1962లో నయీం వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు కెన్నెడీతో మాట్లాడారు. అయినా పట్టు సడలలేదు. పెద్దల పంతం, పేదల కడుపు మీద దెబ్బ. చివరకు 1963 మార్చిలో దావూద్ రాజీనామా చేశాడు, తమ్ముడూ పదవి నుండి దిగిపోయారు. రెండు నెలలకే ఇరాన్ షా మధ్యవర్తిత్వంతో సరిహద్దు తెరుచుకున్నది. 1964 నాటి రాజ్యాంగం రాజకుటుంబీకులు మంత్రిపదవులు చేపట్టరాదని నిషేధించింది. అన్నదమ్ములకు తలుపులు మూసుకున్నాయి.

1973 జూలై 17న, రాజు ఇటలీలో ఉండగా, దావూద్ సైనికుల సాయంతో గద్దెను కూలదోసి తానే అధ్యక్షుడైనాడు. ఇక్కడే నయీం అసలు పరీక్ష. ఒకవైపు తోడబుట్టిన అన్న. మరోవైపు బావమరిది, భార్యకు స్వయానా సోదరుడు. నయీం అన్నవైపే నిలిచారు. మంత్రిపదవి తీసుకోలేదు, కాని అధ్యక్షుని ప్రత్యేక దూతగా విదేశాలు తిరిగారు. 1976లో అమెరికా వెళ్ళి వచ్చారు. ఆ ఏడాదే పాకిస్తాన్‌తోనూ రాజీ మాటలు మొదలైనాయి. అయితే ఇంటి లోపల పరిస్థితి వేరు. 1977 రాజ్యాంగం ఒకే పార్టీని అనుమతించింది. ఎదురు మాటకు చోటు లేకపోయింది.

1978 ఏప్రిల్ 27 గురువారం నాడు రష్యా ట్యాంకులే కాబూల్ రాజభవనాన్ని చుట్టుముట్టాయి. విమానాలు పైనుండి బాంబులు కురిపించాయి. మర్నాడు తెల్లవారేసరికి దావూద్, నయీం, ఆడవాళ్ళు, పసిపిల్లలతో సహా ఆ కుటుంబంలోని పలువురు హతులైనారు. శవాలను రహస్యంగా గోతిలో పూడ్చివేశారు. జనాజా నమాజుకు కూడ నోచుకోలేదు. ముప్పై ఏళ్ళ తరువాత, 2008లో, కాబూల్ శివార్లలో ఆ గోతులు బయటపడ్డాయి. 2009 మార్చిలో అధికార లాంఛనాలతో ఖననం జరిగింది.

నయీం ఖాన్‌ను ఎలా తూచాలి? తోడబుట్టినవాడిని చివరి ఊపిరి దాకా విడవని తమ్ముడు అంటే మెచ్చుకోవలసిందే. కాని చుట్టరికం కోసం న్యాయం విషయంలో కళ్ళు మూసుకోమని మన దీన్ చెప్పలేదు. తప్పు చేసే సోదరునికి చేసే అసలు సాయం అతని చేయి పట్టి ఆపడమేనని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ప్రపంచ నాయకుల మధ్య రాజీ మాటలు నడిపిన ఆ నేర్పరి, అన్నకూ ఆయన ప్రజలకూ మధ్య రాజీ కుదర్చలేకపోయినాడు. రాజభవనంలోనే కాదు, మన మొహల్లాలో, మన జమాతుల్లో, మన సంఘాల్లో కూడ పెద్దవాడి పక్కన నిలబడే తమ్ముళ్ళు ఉంటారు. పెద్దరికానికి సలాం చేస్తూనే, వేళకు ఒక మంచిమాట చెప్పే ధైర్యం వారికి కావాలి.

అల్లాహ్ తఆలా ఆనాటి మృతులందరికీ మగ్ఫిరత్ ప్రసాదించుగాక! ఆ కష్టజీవుల దేశానికి శాంతి నిచ్చుగాక! ఆమీన్.