గడప ముందుకొచ్చే మాత్ర వెనక సుబ్బారావు

గద్వాలలో ఉన్నా, వనపర్తిలో ఉన్నా, నాగర్‌కర్నూల్‌లో ఉన్నా బోదకాలు అన్న మాట మీకు కొత్త కాదు. కాలు వాచి, చర్మం మొద్దుబారి, చెప్పులు పట్టక ఇబ్బంది పడే పెద్దవాళ్లను ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఈ జబ్బును ఆపడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే మాత్రల్లో ముఖ్యమైనది డీఈసీ. ఎంతోమంది దాన్ని చేతిలోకి తీసుకుంటారు, తర్వాత వేసుకుంటామని గూట్లో పెట్టేస్తారు. ఆ మాత్రను ప్రపంచానికి ఇచ్చింది మన తెలుగువాడేనని మీకు తెలుసా? ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కథ తెలిస్తే ఆ మాత్రను గూట్లో పెట్టేయడానికి మీకు మనసొప్పదు.

కాశీకి పారిపోయిన పిల్లాడు

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరిలోని భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోయారు. పెద్దలు పట్టి తెచ్చి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు.

ఆ తర్వాత ఆ ఇంటిని జబ్బు చుట్టుముట్టింది. స్ప్రూ అనే పేగుల వ్యాధితో అన్న, తమ్ముడు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. సుబ్బారావుకూ అదే జబ్బు చేసింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. మందు లేక మనుషులు పోవడం ఎలా ఉంటుందో ఆయన తన ఇంట్లోనే చూశారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. పరీక్షల్లో దాని ఫలితం కనిపించింది. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువస్థాయి పట్టాతో బయటకు రావాల్సి వచ్చింది. మామగారి సాయంతో, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో అమెరికా ఓడ ఎక్కారు. భార్య శేషగిరిని మళ్లీ చూడలేదు. ఈ దేశానికీ తిరిగి రాలేదు.

యుద్ధం నేర్పిన పాఠం

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు పూర్తిచేశాక జీవరసాయన శాస్త్రంలోకి దిగారు. రక్తంలో భాస్వరాన్ని కొలవడానికి సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రూపొందించిన పద్ధతి ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించడంలోనూ ఆయనది ముఖ్య పాత్ర. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు. తర్వాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. దక్షిణ పసిఫిక్ దీవుల్లో పోరాడుతున్న అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారినపడ్డారు. అప్పటిదాకా పేద దేశాల జబ్బుగానే ఉండిపోయిన బోదకాలు ఒక్కసారిగా పెద్ద దేశానికీ గుబులు పుట్టించింది. సుబ్బారావు బృందం ఒకరకం ఎలుకల్లో ఇలాంటి పురుగులనే పెంచి, ఎన్నో రసాయనాలను వాటిపై పరీక్షించింది. చివరికి 1947లో డైఇథైల్ కార్బమజైన్ బయటికొచ్చింది. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. మనం పిలుస్తున్న డీఈసీ ఇదే. అంతకుముందే, 1945లో, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరుల్ని బలిగొన్న స్ప్రూ చికిత్సలో అదే తర్వాత అక్కరకొచ్చింది.

1948 జనవరి 12న భారత్ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందంలో చేరింది. అదే రోజు సుబ్బారావుకు 53 ఏళ్లు నిండాయి. ఏప్రిల్ 7న ఆ సంస్థ పుట్టింది. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. తన మందును పేదల దగ్గరికి చేర్చబోయే సంస్థ అడుగులు వేయడం ఆయన చూడలేదు.

మందు ఉన్నా యాభై ఏళ్లు

మందు దొరికాక జబ్బు పోవాలి కదా అని మీకు అనిపించవచ్చు. కానీ ఫైలేరియా పురుగుకు సరిహద్దులు తెలియవు. గద్వాల దాటితే కర్ణాటకలోని రాయచూరు వస్తుంది. అలంపూర్ దగ్గర తుంగభద్ర దాటితే కర్నూలు. పని కోసం పాలమూరు నుంచి ముంబయి, పుణె దాకా వెళ్లివచ్చేవాళ్లు ఎందరో మీకు తెలుసు. ఒక ఊరు మందు వేసుకుని పక్క ఊరు వేసుకోకపోతే దోమ ఆ పురుగును తిరిగి మోసుకొస్తుంది. దేశాల మధ్య కూడా ఇంతే. మన దేశం 1955లోనే ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అయినా ఒక్కో దేశం విడివిడిగా చేసిన ప్రయత్నంతో పని పూర్తికాలేదు.

1997లో జెనీవాలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని తీర్మానించింది. ఆ సభలో పెద్ద దేశానికైనా చిన్న దీవికైనా ఒకటే ఓటు. కానీ తీర్మానం చేస్తే సరిపోదు. మందు ఎవరిస్తారు, ఖర్చు ఎవరు పెడతారు, లెక్క ఎవరు చూస్తారు అన్నవి తేలాలి. అక్కడే దౌత్యం పనిచేసింది. ఆల్బెండజోల్ ఉచితంగా ఇస్తామని 1998లో ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఆఫ్రికాలో అవసరమైన దేశాలకు ఐవర్‌మెక్టిన్ ఇస్తామని ఇంకో కంపెనీ మాటిచ్చింది. 2000లో ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలైంది. 2012లో లండన్‌లో జరిగిన ఒప్పందంలో జపాన్ కంపెనీ ఐసాయ్ 220 కోట్ల డీఈసీ మాత్రలు ఇస్తానంది. వాటిని తయారుచేసింది ఎక్కడో తెలుసా? మన విశాఖపట్నంలోని దాని ఫ్యాక్టరీలో. భీమవరం మనిషి అమెరికాలో కనిపెట్టిన మందు, జపాన్ కంపెనీ చేతుల మీదుగా, తెలుగునేల నుంచే ఎన్నో దేశాలకు వెళ్లింది.

ఫలితం కళ్లముందే ఉంది. చైనా ఉప్పులో డీఈసీ కలిపి పంచింది. 2007లో ఆ దేశానికి బోదకాలు నిర్మూలన గుర్తింపు దక్కింది. 2016లో శ్రీలంక, మాల్దీవులు, 2023లో బంగ్లాదేశ్ ఆ జాబితాలో చేరాయి. మనం ఇంకా చేరలేదు. మన దేశం మొదట 2015ను గడువుగా పెట్టుకుంది. తర్వాత అది జరుగుతూ వచ్చి ఇప్పుడు 2027 అయింది. ఆలస్యానికి ఒక పెద్ద కారణం చాలా మామూలుది. పంచిన మాత్రలన్నీ కడుపులోకి వెళ్లలేదు.

మీ చేతికి వచ్చాక

ఫైలేరియా పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి ఉంటుంది. కాలు వాచకపోయినా రక్తంలో పిల్ల పురుగులు తిరుగుతుండొచ్చు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ వాటిని ఇంకొకరికి చేరుస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ ఏటా మాత్ర వేసుకోవాలంటారు. ఊరి జనంలో కనీసం 65 శాతం మంది మింగితేనే వ్యాప్తి ఆగుతుంది.

మీ ప్రాంతంలో మాత్రల పంపిణీ ప్రకటించినప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

భోజనం చేశాకే వేసుకోండి. పరగడుపున వద్దు.

ఆరోగ్య కార్యకర్త ముందే మింగేయండి. గూట్లో దాచిన మాత్ర ఎవరికీ ఉపయోగపడదు.

రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు వేసుకోకూడదు. మిగతావాళ్లకు ఎన్ని మాత్రలన్నది వయసును బట్టి వాళ్లే చెబుతారు.

మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు రావచ్చు. ఒంట్లోని పురుగులు చనిపోతుంటే ఇలా అవుతుంది. ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.

ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే కాలు వాచి ఉంటే మాత్రతో అది పూర్వస్థితికి రాదు. రోజూ సబ్బు, నీళ్లతో కడిగి, వేళ్ల సందులు తడిలేకుండా తుడవండి. పుండ్లు పడకుండా చూడండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోమనండి. వరిబీజానికి ఆపరేషన్ ఉంది, సిగ్గుపడి దాచుకోవద్దు.

జెనీవాలో దేశాలు చేసుకున్న ఒప్పందంలో చివరి పని మీ ఇంట్లోనే ఉంది. ఈసారి ఆశా కార్యకర్త తలుపు తట్టినప్పుడు గ్లాసుడు నీళ్లు తెచ్చుకుని ఆమె ఎదుటే మాత్ర వేసుకోండి. ఇంట్లో మిగతావాళ్లనూ పిలవండి.