మనస్సాక్షికి వెల



1872లో మన ఒంగోలు సీమలోని వినోదరాయునిపాలెములో పుట్టిన టంగుటూరి ప్రకాశము పంతులుగారిని ఎరుగనివారు లేరు. చిన్ననాటనే తండ్రి చనిపోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పెంచెను. ఆయన మద్రాసులో పేరొందిన బారిష్టరై, 1921లో ఆ రాబడిని విడిచి దేశసేవకు వచ్చిరి. 1937లో రెవెన్యూ మంత్రి అయిరి.

1939లో బ్రిటిషువారు భారతీయుల నడుగకయే ఈ దేశమును యుద్ధములో దింపిరి. మద్రాసు మంత్రులు రాజీనామా ఇచ్చిరి. 1940లో గాంధీగారు వ్యక్తి సత్యాగ్రహము ప్రారంభించిరి. గుంపులుగా కాదు, ఒక్కొక్కరుగా. ముందుగా అధికారులకు తెలియజేసి, యుద్ధమునకు మనుష్యులనుగాని ధనమునుగాని ఇయ్యరాదని బహిరంగముగా చెప్పవలెను. దాదాపు డెబ్బదియేండ్ల ప్రాయములో ప్రకాశముగారు ఆ సత్యాగ్రహము చేసి చెరసాలకు వెళ్లిరి.

దానియేలును తలంచుడి. రాజాజ్ఞ ఎరిగియు కిటికీలు తెరచియే ప్రార్థించెను. దాగలేదు, ఎవరిమీదను చెయ్యి ఎత్తలేదు.

ఆ యుద్ధకాలమున ఇరువది లక్షలకు పైగా భారతీయులు సైన్యములో చేరిరి. కొందరు కూటికొరకు, కొందరు హిట్లరును ఆపుట ధర్మమని నమ్మి వెళ్లిరి. వారికి మనము తీర్పు తీర్చరాదు. అయితే ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: నా నమ్మకమునకు వెల నేను చెల్లించుచున్నానా, పొరుగువానిచేత చెల్లింపజేయుచున్నానా?

తెరచిన కిటికీయొద్ద మోకరించు ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.