కన్నబిడ్డ కోసం కోర్టుకెక్కిన అనీబిసెంట్

మదనపల్లెలోని బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలను ఎరుగనివారు ఈ ప్రాంతంలో ఉండరు. 1915లో ఆ కళాశాలను స్థాపించిన డాక్టర్ అనీబిసెంట్ హోంరూల్ నాయకురాలిగా, 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలిగా అందరికీ తెలుసు. కాని పిల్లల విషయమై ఆమె రెండుసార్లు కోర్టు మెట్లెక్కవలసి వచ్చిందని కొద్దిమందికే తెలుసు.

ఆమె 1847 అక్టోబరు 1న లండన్‌లో జన్మించారు. 1867లో ఫ్రాంక్ బిసెంట్ అనే చర్చి ఫాదరీతో వివాహమైంది. డిగ్బీ అనే కొడుకు, మేబెల్ అనే కూతురు కలిగారు. క్రమంగా ఆమెకు మతవిశ్వాసం సన్నగిల్లింది. చర్చికి వచ్చి ప్రభు భోజన సంస్కారంలో పాల్గొనాలని, లేదా ఇల్లు వదలి పోవాలని భర్త పట్టుబట్టాడు. 1873లో ఆమె ఇల్లు వదిలారు. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర ఉండేటట్లు, కూతురు ఏటా ఒక నెల తండ్రి దగ్గరకు వెళ్లేటట్లు ఒడంబడిక రాసుకున్నారు.

1877లో సంతాన నిరోధం గురించి ఒక చిన్న పుస్తకాన్ని చార్లెస్ బ్రాడ్లాతో కలిసి ప్రచురించినందుకు ఆమెపై కేసు నడిచింది. శిక్ష పై కోర్టులో రద్దయింది. అయినా భర్తకు అదే అదనయింది. కూతురిని తనకు అప్పగించాలని అతడు పిటిషన్ వేశాడు. తన వాదన తానే వినిపించుకున్న ఆ తల్లి పెంపకంలో ఆదరణకు లోటులేదని న్యాయమూర్తి జార్జి జెస్సెల్ ఒప్పుకున్నారు. కాని నాస్తికురాలైన తల్లి నీడలో, అటువంటి పుస్తకం అచ్చువేసిన తల్లి ఇంట్లో, ఆడపిల్ల పెరగరాదని 1878 మేలో తీర్పు చెప్పారు. అప్పటికి మేబెల్‌కు ఏడేళ్లు. జ్వరపడి లేచిన పిల్లను ఏడుస్తుండగానే తీసుకుపోయారు.

అప్పీలులోనూ బిడ్డ దక్కలేదు. పిల్లలను చూసి వచ్చేందుకు మాత్రం అనుమతి దొరికింది. కాని ప్రతి కలయికా పిల్లలను కలతపెడుతున్నదని గ్రహించి, వారు పెద్దవారయ్యే దాకా చూడకూడదని ఆమె నిశ్చయించుకున్నారు. పెద్దవారయ్యాక ఇద్దరూ తల్లి చెంతకే వచ్చారు.

1893లో ఆమె భారతదేశం వచ్చారు. 1907లో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలయ్యారు. మదనపల్లెకు సంబంధించిన జిడ్డు నారాయణయ్య 1909లో అడయారు చేరారు. తల్లిలేని తన కుమారులు కృష్ణమూర్తి, నిత్యానందలకు బిసెంట్‌ను సంరక్షకురాలిగా చేస్తూ 1910లో ఆయన సంతకం చేశారు. తరువాత లెడ్‌బీటర్ తన పిల్లల దగ్గర ఉండడం నచ్చక, ఇంగ్లండులో ఉన్న పిల్లలను తిరిగి ఇప్పించమని 1912లో దావా వేశారు. ఈసారి పిల్లల కోసం తపించినవాడు తండ్రి, ఇవ్వనన్నది బిసెంట్. మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పింది.

1914 మేలో ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టివేసింది. తండ్రే సహజ సంరక్షకుడని, రాసి ఇచ్చిన అధికారాన్ని అతడు వెనక్కు తీసుకోవచ్చని ఒప్పుకుంది. కాని ఇంగ్లండులో ఉన్న పిల్లలపై ఇక్కడి జిల్లా కోర్టుకు అధికారం లేదని, పిల్లల క్షేమం, ఇష్టం విచారించకుండా వారిని ఓడ ఎక్కించి రప్పించమనడం తగదని చెప్పింది. మేబెల్‌ను ఎవరూ అడగని ప్రశ్న 36 ఏళ్ల తరువాత ఇలా కోర్టు నోట వచ్చింది.

మన దేశంలో 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం తెలిసివచ్చిన పిల్లల ఇష్టాన్ని కోర్టు గమనించవచ్చు. 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం ఐదేళ్లలోపు బిడ్డ సామాన్యంగా తల్లి వద్ద ఉండాలంటుంది, అన్నిటికంటే బిడ్డ క్షేమమే ముఖ్యమంటుంది. ఆలుమగలు విడిపోయినప్పుడు పెద్దమనుషులు బిడ్డ ఎవరి సొత్తు అని కాక, ఎవరి దగ్గర చల్లగా ఉంటుందని ఆలోచించాలి. దూరమైన రెండోవారిని కలుసుకునే దారి కూడా మూయరాదు.

అనీబిసెంట్ 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూశారు.