ఈజిప్టును ఫోటోల్లో చూపిన మాక్సిమ్ దు కాం

ప్రముఖ ఫ్రెంచి రచయిత మాక్సిమ్ దు కాం 1822 ఫిబ్రవరి 8న పారిస్‌లో జన్మించారు. తండ్రి శస్త్రవైద్యుడు. డబ్బుకు లోటు లేని ఇల్లు.

ఆ రోజుల్లో యాత్రికులు శిథిలాల బొమ్మలు చేత్తో గీసుకునేవారు. దానికి చాలా సమయం పడుతుందని విసిగిన దు కాం, గుస్తావ్ లె గ్రే దగ్గర ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. 1849లో మిత్రుడు ఫ్లోబేర్‌తో కలిసి ఈజిప్టు చేరి, నైలు నదిపై పడవలో తిరుగుతూ కాగితపు నెగటివ్‌ల మీద ఆలయాలను ఫోటోలు తీశారు. 1852లో 125 ఫోటోలతో పుస్తకం వెలువరించారు.

విగ్రహాలు ఎంత పెద్దవో తెలియడానికి పడవ నావికుడు హాజీ ఇస్మాయిల్‌ను వాటి దగ్గర నిలబెట్టేవారు. మనిషి కదిలితే ఫోటో చెడిపోతుంది. అందుకని కెమెరా ఇత్తడి గొట్టాన్ని ఫిరంగి అని చెప్పి, కదిలితే పేలుతుందని భయపెట్టారు. ఈ సంగతి దు కాం స్వయంగా రాసుకున్నదే.

ఆయన 1880లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యారు. 1894లో మరణించారు. 1960లలో ఆనకట్ట నీటి ముంపు తప్పించడానికి అబూ సింబెల్ ఆలయాలను కోసి ఎత్తైన చోటికి తరలించారు. వాటి పాత చోటు ఎలా ఉండేదో ఆయన ఫోటోల్లో నేటికీ చూడవచ్చు.

దు కాం శ్రమను మేము గౌరవిస్తాం. కానీ మా ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం కనుక, మా చూపు ఆ నావికుడి దగ్గరే ఆగిపోయింది. భయంతో కదలకుండా నిలబడ్డ ఆ మనిషి వల్లే ఆ రాళ్ళ ఎత్తు లోకానికి తెలిసింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చరిత్ర చదివేటప్పుడు ఫోటో తీసినవారి పేరుతోపాటు అందులో నిలబడినవారి పేరు కూడా వెతకండి.