14 రోజుల గడువు, 13 రూల్స్

ఒక ఆట స్కూల్లో అధికారికంగా గుర్తింపు పొందాలంటే ఏం కావాలి? పిల్లలకి నచ్చితే చాలు అనుకుంటాం. కానీ చాలదు. కోచ్ కావాలి, ఆడే చోటు కావాలి, టైమ్ టేబుల్లో ఒక పీరియడ్ కావాలి, పక్క స్కూల్లో ఒక ప్రత్యర్థి జట్టు ఉండాలి, అందరూ ఒప్పుకున్న రూల్స్ ఉండాలి. అమెరికాలో బౌలింగ్ సంగతే చూడండి. ఊరూరా బౌలింగ్ సెంటర్లు ఉన్న దేశమది. అయినా కొన్ని రాష్ట్రాల్లోనే అది హైస్కూల్ అధికారిక క్రీడ, మిగతా చోట్ల ఇంకా క్లబ్ ఆటే. ఆ లిస్టులో పేరు ఎక్కితేనే బడ్జెట్, జెర్సీ, సర్టిఫికెట్. ఎక్కకపోతే సాయంత్రం సొంత డబ్బులతో ఆడుకోవడమే.

ఈ లిస్టులోకి అందరికంటే వేగంగా దూసుకొచ్చిన ఆటల్లో ఒకటి బాస్కెట్‌బాల్. దాన్ని తయారుచేసిన మనిషి జేమ్స్ నైస్మిత్. బ్రాంచ్ ఏదైనా సరే, ఇంజనీరింగ్ చదివే మనకి ఆయన కథ బాగా దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఆట పుట్టింది ఒక అసైన్‌మెంట్‌గా!

నైస్మిత్ 1861 నవంబర్ 6న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ఆల్మోంట్ అనే ఊరి దగ్గర పుట్టాడు. వాళ్ళది స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. తొమ్మిదేళ్ళ వయసులో టైఫాయిడ్ వచ్చి అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. అమ్మమ్మ, మేనమామ పీటర్ పెంచారు. పొలం పని, చలి, మంచు. అక్కడి పిల్లలు ఆడుకునే ఆట ఒకటుండేది. పెద్ద బండ మీద ఒక చిన్న రాయి పెడతారు. దూరం నుంచి రాయి విసిరి దాన్ని పడగొట్టాలి, దొరక్కుండా తన రాయి తెచ్చుకోవాలి. మన ఏడు పెంకులాటకి దూరపు చుట్టం అనుకోవచ్చు. బలం కొద్దీ విసిరితే గురి తప్పినప్పుడు రాయి ఎక్కడో పడుతుంది, తెచ్చుకునేలోపు దొరికిపోతాం. మెల్లగా, పైనుంచి వంపుగా వేస్తే గురీ కుదురుతుంది, రాయీ దగ్గర్లోనే ఉంటుంది. ఈ చిన్న ఫిజిక్స్ పాఠం ఆయనకి తర్వాత పనికొచ్చింది.

హైస్కూల్ మధ్యలో మానేసి కొన్నేళ్ళు అడవిలో చెట్లు కొట్టే పనికి వెళ్ళాడు. తర్వాత మనసు మార్చుకుని, తనకంటే చిన్న పిల్లల పక్కన కూర్చుని హైస్కూల్ పూర్తిచేశాడు. బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు ఈ లైను రెండోసారి చదువుకోవచ్చు. 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో చేరాడు. రగ్బీ, లాక్రోస్, జిమ్నాస్టిక్స్ అన్నిట్లో ముందుండేవాడు. ఆ తర్వాత చర్చి ఫాదరీ కావడానికి మతవిద్య కూడా చదివాడు. కానీ ప్రసంగం కంటే ఆటతోనే కుర్రాళ్ళని బాగా మార్చొచ్చని ఆయన నమ్మకం. అందుకే 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి, వైఎంసీఏ ట్రైనింగ్ స్కూలుకి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఆటలంటే పనిలేని వాళ్ళ వ్యవహారం అనుకునేవాళ్ళు చాలామంది. ఇంట్లో వాళ్ళకీ ఈ నిర్ణయం నచ్చలేదు.

ఇప్పుడు అసలు కథ. 1891 చలికాలం. అక్కడ ఎండ ఉన్నంతకాలం ఫుట్‌బాల్, బేస్‌బాల్ ఉండేవి. మంచు పడితే జిమ్ లోపల డ్రిల్లు, కవాతు, డంబెల్స్. ఒక క్లాసులో 18 మంది ఉండేవాళ్ళు. చిన్నపిల్లలు కాదు, ఉద్యోగ శిక్షణకి వచ్చిన పెద్దవాళ్ళు. ఆ డ్రిల్లంటే వాళ్ళకి ఒళ్ళు మంట. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు వాళ్ళని దారికి తేలేక చేతులెత్తేశారు. డిపార్ట్‌మెంట్ హెడ్ లూథర్ గులిక్ ఆ క్లాసుని నైస్మిత్‌కి అప్పగించి, లోపల ఆడుకునే కొత్త ఆటొకటి కనిపెట్టమన్నాడు. గడువు 14 రోజులు.

మొదట్లో ఆయన కూడా మనలాగే ఉన్నదాన్ని కాస్త మార్చి సబ్మిట్ చేద్దామనుకున్నాడు. ఫుట్‌బాల్‌ని జిమ్‌లోకి తెచ్చాడు, దెబ్బలు తగిలాయి. సాకర్ తెచ్చాడు, గది చాల్లేదు. లాక్రోస్ ప్రయత్నించాడు, అదీ కుదర్లేదు. గడువు దగ్గరపడింది. అప్పుడు పాత ఆటల్ని వదిలేసి సమస్యని ముక్కలు ముక్కలుగా విడగొట్టాడు.

దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఆపాలంటే మీద పడాలి కాబట్టి. అయితే బంతితో పరిగెత్తడమే నిషేధిస్తే? మీద పడాల్సిన అవసరమే ఉండదు. బంతి ఎలా ఉండాలి? పెద్దదిగా, చేత్తో పట్టుకునేలా. సాకర్ బంతి సరిపోతుంది. గోల్ ఎలా ఉండాలి? ఎదురుగా నిలువుగా ఉంటే బలం కొద్దీ విసురుతారు. అదే నేలకి సమాంతరంగా, తలల కంటే ఎత్తులో పెడితే? చచ్చినట్టు వంపుగా, మెల్లగా వెయ్యాలి. చిన్ననాటి బండ మీద రాయి ఆట ఇక్కడ అక్కరకొచ్చింది.

మర్నాడు పొద్దున్న స్కూల్ బాగోగులు చూసే స్టెబిన్స్‌ని రెండు చెక్క పెట్టెలు అడిగాడు. పెట్టెలు లేవు, పీచ్ పళ్ళ బుట్టలు ఉన్నాయి. వాటినే బాల్కనీ అంచుకి మేకులతో కొట్టాడు. ఆ అంచు ఎత్తు సరిగ్గా 10 అడుగులు. ఇవాళ మన కాలేజీ కోర్టులో రింగ్ ఉండే ఎత్తు కూడా అదే. ఏ లెక్కా వేసి పెట్టిన ఎత్తు కాదు, ఆ బిల్డింగ్ అలా ఉంది, అంతే! 13 రూల్స్ రాసి, ఆఫీసులో టైప్ చేయించి నోటీస్ బోర్డుకి అంటించాడు. 18 మందీ తొమ్మిదేసి మందిగా విడిపోయి ఆడారు. మొత్తం ఆటలో పడింది ఒక్క గోల్. విలియం చేజ్ అనే స్టూడెంట్ వేశాడు. బుట్టకి అడుగు ఉంది కాబట్టి నిచ్చెనెక్కి బంతి తియ్యాల్సి వచ్చేది. ఒక స్టూడెంట్ ఈ ఆటకి నైస్మిత్ పేరే పెడదామన్నాడు. ఆయన నవ్వేసి వద్దన్నాడు. దాంతో బుట్ట, బంతి కలిసి బాస్కెట్‌బాల్ అయింది.

1892 జనవరిలో రూల్స్ స్కూల్ పత్రికలో అచ్చయ్యాయి. వైఎంసీఏ శాఖల ద్వారా ఆట దేశదేశాలకి పాకింది. అదే ఏడాది స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచరు అమ్మాయిల చేత ఆడించింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదట్లో ఆడిన అమ్మాయిల్లో ఒకరైన మాడ్ షెర్మన్‌ని నైస్మిత్ 1894లో పెళ్ళి చేసుకున్నాడు. హైస్కూళ్ళకి ఈ ఆట వరంలా దొరికింది. ఖర్చు తక్కువ, చలికాలంలోనూ ఆడొచ్చు, చిన్న ఊళ్ళో కూడా జట్టు తయారవుతుంది. 1911 కల్లా ఇండియానాలో రాష్ట్రస్థాయి హైస్కూల్ టోర్నమెంటు మొదలైంది. పుట్టి అప్పటికి ఇరవై ఏళ్ళే!

మరి ఆయన? డెన్వర్ వెళ్ళి పనిచేస్తూనే మెడిసిన్ చదివి 1898లో డాక్టరయ్యాడు. అదే ఏడాది కాన్సాస్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడి తొలి బాస్కెట్‌బాల్ కోచ్ ఆయనే. రికార్డు 55 గెలుపులు, 60 ఓటములు. ఆ యూనివర్సిటీ చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న ఏకైక కోచ్, ఆటని కనిపెట్టిన మనిషే! గెలవడం ఆయనకి పెద్ద విషయంగా ఎప్పుడూ అనిపించలేదు. పేటెంట్ తీసుకోలేదు, ఆట పేరు చెప్పుకుని డబ్బూ చేసుకోలేదు.

కానీ లిస్టులో ఆట పేరు ఎక్కినంత మాత్రాన అందరి పేర్లూ ఎక్కవు. 1930ల్లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కాన్సాస్‌లో చదివాడు. యూనివర్సిటీ జట్టులో నల్లవాళ్ళకి చోటు లేదు. డెబ్బై దాటిన నైస్మిత్ అతనికి సలహాదారుగా నిలిచి, కోచింగ్ నేర్పాడు. ఆ మెక్‌లెండన్ జట్టే టెనెసీ స్టేట్ తరఫున 1957 నుంచి 1959 దాకా వరసగా మూడుసార్లు ఎన్ఏఐఏ జాతీయ టైటిల్ గెలిచింది. నన్నడిగితే నైస్మిత్ జీవితంలో బుట్టల కంటే గొప్ప పని ఇదే.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ అధికారిక క్రీడ అయింది. దీనికోసం పట్టుబట్టి తిరిగినవాళ్ళలో ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ ముఖ్యుడు. పెద్దాయన ప్రయాణ ఖర్చులకి అమెరికన్ కోచ్‌లు చందాలు వసూలు చేశారు. 21 దేశాలు ఆడాయి. తొలి మ్యాచ్‌లో బంతి ఎగరేసింది నైస్మితే. ఫైనల్ బయట మట్టి కోర్టులో, వానలో జరిగింది. అమెరికా 19-8తో కెనడాని ఓడించింది. పుట్టిన దేశం ఒకవైపు, పౌరసత్వం తీసుకున్న దేశం ఇంకోవైపు. పతకాలు ఇచ్చింది ఆయనే. 1939 నవంబర్ 28న లారెన్స్‌లో కన్నుమూశాడు.

మనకీ ఓ చిన్న లింకుంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

నోటీస్ బోర్డుకి అంటించిన ఆ టైపు కాగితాలు 2010లో వేలంలో సుమారు 43 లక్షల డాలర్లకి అమ్ముడుపోయాయి. రాసినప్పుడు వాటి విలువ ఒక చలికాలం గడవడమే. ఇవాళ ఏ కొత్త ఆటైనా స్కూల్ గేటు దగ్గర గుర్తింపు కోసం నిలబడితే, బౌలింగ్ అయినా ఇంకేదైనా, నైస్మిత్ అడిగిన ప్రశ్నలే మనమూ అడగాలి. ఎవరికీ దెబ్బ తగలకుండా ఆడొచ్చా? తక్కువ ఖర్చులో అవుతుందా? వెనక బెంచీ వాడికి కూడా బంతి అందుతుందా? మూడిటికీ అవునంటే, ఆ ఆటని లోపలికి రానివ్వాల్సిందే.